రాని బాకీని విద్యాదానముగ మార్చిన ఫుల్‌బ్రైటు

గొప్పవారి పేర్లు లోకమున పలువిధములుగ నిలుచును. కొందరి పేర్లు కోటలను, కొందరి పేర్లు సత్రములను, చెరువులను అంటిపెట్టుకొని యుండును. గోదావరి మండలమువారు కాలువలో నీరు చూచినపుడు కాటను దొరను తలచికొందురు. అమెరికా దేశపు రాజకీయవేత్త యొకని ఇంటిపేరు మాత్రము, ఒక దేశపు విద్యార్థిని మరియొక దేశమునకు పంపెడి విద్యార్థివేతనమునకే పేరైపోయినది. ఫుల్‌బ్రైటు అనగానే నేడు చదువరులకు తోచునది ఆ వేతనమే కాని ఆ మనిషి కాదు. ఆ మనిషిని మన గ్రంథాలయ పాఠకులకు పరిచయము చేయుట ఈ వ్యాసమున ఉద్దేశము.

జేమ్సు విలియం ఫుల్‌బ్రైటు 1905 ఏప్రిల్ 9న మిస్సోరి రాష్ట్రములోని సమ్నరు అను చిన్న ఊర జన్మించెను. పసితనముననే ఆయన కుటుంబము ఆర్కన్సా రాష్ట్రములోని ఫేయెట్‌విల్లు పట్టణమునకు తరలెను. 1923లో తండ్రి మరణింపగా, తల్లి రోబర్టా అధైర్యపడక కుటుంబ వ్యాపారములను, ఒక వార్తాపత్రికను స్వయముగ నడిపెను. కుమారుడు ఆ పట్టణపు విశ్వవిద్యాలయముననే చదివి, ఫుట్‌బాలు ఆటయందు పేరుపొంది, 1925లో పట్టభద్రుడయ్యెను. పిమ్మట రోడ్సు విద్యార్థివేతనము లభింపగా ఇంగ్లండునకేగి ఆక్స్‌ఫర్డునందు మూడేండ్లు చదివెను. కొండప్రాంతపు చిన్న పట్టణమున పెరిగిన యువకునకు లోకము ఎంత పెద్దదియో అచ్చటనే తెలిసినది. పరుల సొమ్ముతో పరదేశమున చదివిన ఆ అనుభవము ఆయన జీవితమునకు మూలధనమైనది.

1934లో ఆయన న్యాయశాస్త్ర పట్టము పొందెను. 1939లో, ముప్పదినాలుగేండ్ల ప్రాయముననే ఆర్కన్సా విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడయ్యెను. తల్లి పత్రిక హోమరు ఆడ్కిన్సు అను రాజకీయవేత్తను విమర్శించుచుండెడిది. ఆడ్కిన్సు గవర్నరు పదవికి వచ్చిన పిమ్మట, 1941లో కుమారునకు ఆ ఉద్యోగము పోయినది. 1942లో ఫుల్‌బ్రైటు అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యెను. 1944లో సెనేటు స్థానమునకు పోటీచేసి, ఆ ఆడ్కిన్సునే ఓడించెను.

1945 ఆగస్టున హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడెను. రెండు మాసములు గడవకమునుపే, సెప్టెంబరులో, ఫుల్‌బ్రైటు సెనేటునందు ఒక బిల్లు ప్రవేశపెట్టెను. యుద్ధము ముగియునప్పటికి అమెరికా సేనల లారీలు, యంత్రములు, గుడారములు, ఆహారపు నిల్వలు పలుదేశములలో గుట్టలుగ పడియుండెను. వానిని తిరిగి స్వదేశమునకు చేర్చుటకు ఖర్చు మెండు. కొనగల దేశములయొద్దనో డాలర్లు లేవు. ఆ దేశములు తమ సొంత నాణెములోనే వెల చెల్లింపగలవు. ఆ నాణెము అమెరికాలో చెల్లదు. లెక్క తెలిసినవాడెవడైనను దీనిని రాని బాకీల పద్దున వ్రాసి పుస్తకము మూసివేయును. ఫుల్‌బ్రైటు అట్లు చేయలేదు. ఆ సొమ్ము ఆయా దేశములయందే యుండి, అచ్చటికి వచ్చు అమెరికా విద్యార్థుల చదువునకును, అచ్చటివారి ప్రయాణవ్యయమునకును వినియోగపడవలెనని ఏర్పాటు చేసెను. ఒక్కొక్క దేశమునకు ఏటికి 10 లక్షల డాలర్ల విలువకు మించి వెచ్చింపరాదని హద్దు పెట్టిరి. 1946 ఆగస్టు 1న అధ్యక్షుడు ట్రూమను సంతకముతో అది చట్టమైనది.

ఆ చట్టము క్రింద తొలి ఒడంబడిక 1947లో చైనాతో జరిగెను. 1950 ఫిబ్రవరి 2న మన దేశముతో కుదిరెను. ప్రధాని నెహ్రూ మన పక్షమున సంతకము చేసెను. 2008నుండి భారతదేశము సమాన భాగస్వామియై ధనమిచ్చుచుండగా, ఆ వేతనములకు ఫుల్‌బ్రైటు-నెహ్రూ అను జంటపేరు వచ్చెను. నేటివరకు 160కి పైగా దేశములకు చెందిన 4 లక్షలమందికి పైగా పండితులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు ఈ పథకమువలన లబ్ధిపొందిరి.

ఫుల్‌బ్రైటు ధైర్యవంతుడు. సెనేటరు మెకార్తీ కమ్యూనిస్టులను వెదకెడి నెపమున జనులను హడలగొట్టుచున్న దినములలో, 1954లో, ఆయన సంఘమునకు ధనము మంజూరు చేయరాదని సెనేటులో వోటు వేసినవాడు ఈయన యొక్కడే. 1964లో వియత్నాము యుద్ధమునకు దారితీసిన తీర్మానమును తానే సెనేటునందు నడిపించి, పిమ్మట అది పొరపాటని గ్రహించెను. 1966లో విదేశాంగ సంఘాధ్యక్షుడుగ బహిరంగ విచారణలు జరిపించి, ఆ యుద్ధపు మంచిచెడ్డలను టెలివిజనుద్వారా దేశము ముందుంచెను. తన తప్పును తానే దిద్దుకొనుటకు స్వపక్షపు అధ్యక్షుని కోపమునకు కూడ వెరవలేదు.

ఐనను జమ మాత్రమే చూపి ఖర్చు దాచిన లెక్క లెక్క కాదు. నల్లపిల్లలను, తెల్లపిల్లలను వేరువేరు బడులలో కూర్చుండబెట్టుట రాజ్యాంగవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పగా, దానిని నిరసించుచు దక్షిణ రాష్ట్రముల ప్రతినిధులు 1956లో వెలువరించిన ప్రకటనపై ఫుల్‌బ్రైటు సంతకము చేసెను. నల్లవారికి సమాన హక్కులనిచ్చు 1964 చట్టమును, వోటుహక్కును కాపాడు 1965 చట్టమును గూడ వ్యతిరేకించెను. తన రాష్ట్రపు వోటర్లకు ఎదురు నిలిచినచో పదవి దక్కదని ఆయన సమర్థించుకొనెను. మెకార్తీకి వెరవనివాడు, అధ్యక్షునకు వెరవనివాడు, వోటర్లకు వెరచెను. సముద్రములు దాటించి పరాయిబిడ్డలను ఒక్క తరగతిలో కూర్చుండబెట్టిన చేయి, తన ఊరి బిడ్డలు ఒక్క బల్లపై కూర్చుండుటకు అడ్డుపడినది. ఆయన విగ్రహమును ఆర్కన్సా విశ్వవిద్యాలయమునుండి తొలగింపవలెనని ఇటీవల కొందరు కోరుటకు ఇదియే కారణము.

1974లో ఆయన స్వపక్షపు ప్రాథమిక ఎన్నికలో ఓడిపోయి, ముప్పది ఏండ్ల సెనేటు జీవితమును ముగించెను. యువకుడుగ నున్నపుడు ఆయన కార్యాలయమున పనిచేసిన క్లింటను అధ్యక్షుడై, 1993లో ఆయనకు స్వాతంత్ర్య పతకము బహూకరించెను. 1995 ఫిబ్రవరి 9న ఫుల్‌బ్రైటు వాషింగ్టనులో కన్నుమూసెను.

రాని బాకీ చదువుగ మారినది. ఆ పుణ్యము ఆయనదే. తప్పును చెరిపివేయుట ఆ పుణ్యమువలన గాని, పుణ్యమును చెరిపివేయుట ఆ తప్పువలన గాని కాదు. రెండు పద్దులును ప్రక్కప్రక్కనే యుండవలసినవి. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయము ఈ జీవితమునుండి గ్రహింపదగిన దొకటి కలదు. బీరువాలలో దూరదేశముల పుస్తకములు ఎన్ని చేరినను, మన ఊరి ప్రతి వీథినుండియు ఒక బిడ్డ వచ్చి ఈ బల్లలయొద్ద కూర్చుండి చదివిననాడే మన లెక్క సరిపోవును.