కాశీ బాట నుంచి ‘కథలు-గాథలు’ దాకా.. చెళ్లపిళ్ల నవ్వుల ప్రయాణం

వినగడప వంటి మెట్ట పల్లె మొదలుకొని సముద్రపుటొడ్డున ఉన్న బందరు దాకా, కృష్ణా తీరంలో ‘పాండవోద్యోగ విజయములు’ పద్యాలు వినని పెద్దలు అరుదు. పెట్రోమాక్సు దీపాల వెలుగులో తెల్లవారే వరకు సాగిన ఆ నాటకాల కర్తలు తిరుపతి వేంకట కవులు. ఆ జంటలో రెండవ వారైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి పద్యంతోనే గాక, హాస్యం చిందే వచనంతోనూ తెలుగువారిని అలరించారు. తాను తిరిగిన ఊళ్లు, తిన్న భోజనాలు, ఎదురైన బంధుమిత్రులే ఆ వచనానికి ముడిసరకు.

యానాంలో బాల్యం

వేంకటశాస్త్రి 1870 ఆగస్టు 8న తూర్పుగోదావరి ప్రాంతంలోని కడియంలో జన్మించారు. తల్లి చంద్రమ్మ, తండ్రి కామయ్య. పాండిత్యం ఉన్నా కలిమి లేని కుటుంబం. అప్పట్లో ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో బాల్యం గడిచింది. సంస్కృత వ్యాకరణంపై మక్కువతో చర్ల బ్రహ్మయ్యశాస్త్రి వద్ద శిష్యరికం చేశారు. అక్కడే సహాధ్యాయిగా దివాకర్ల తిరుపతిశాస్త్రి పరిచయమయ్యారు. 1872లో యండగండిలో జన్మించిన తిరుపతిశాస్త్రి వయసులో రెండేళ్లు చిన్న. స్వభావాలు వేరైనా స్నేహం మాత్రం విడదీయరానిదయింది.

చేతిలో చిల్లిగవ్వ లేకుండా..

చదువు కాశీలో పూర్తి కావాలన్నది ఆ యువకుడి తపన. అయితే దారిబత్తేనికి సొమ్ము లేదు. గోదావరిపై రైలు వంతెన 1900లో గాని అందుబాటులోకి రాలేదు. అంతకు దశాబ్దం ముందు కాశీకి బయలుదేరడమంటే ఇంటివారు కన్నీళ్లతో సాగనంపవలసిన సంగతి. అవధానం చేసి వచ్చిన సంభావనతో ఆయన ప్రయాణానికి సిద్ధమయ్యారు. ఆ విధంగా పొట్టకూటి విద్యగా మొదలైన అవధానమే తర్వాత కీర్తికి మూలమయింది.

ఆనాడు ఆచారవంతుడైన బాటసారికి అన్నిటికన్న పెద్ద చిక్కు భోజనం. ఎక్కడ పడితే అక్కడ తినడానికి లేదు. తెలిసిన గృహస్థు ఇల్లో, సత్రమో దొరకాలి. లేకుంటే మూడు రాళ్లు పేర్చుకొని స్వయంపాకం చేసుకోవాలి. కాశీయాత్ర ముచ్చట్లను వేంకటశాస్త్రి పెద్ద వయసులో గ్రంథస్థం చేశారు. పుణ్యక్షేత్ర మహిమ కన్న మనుషుల తీరుతెన్నులే అందులో ఎక్కువగా కనిపిస్తాయి. తన పేదరికాన్ని ఆయన దాచలేదు. దానిని చూసి జాలిపడమని పాఠకుని అడగనూ లేదు, నవ్వి ఊరుకున్నారు.

మీసాల పందెం

కాశీ నుంచి తిరిగి వచ్చాక మిత్రులిద్దరూ జంటగా అవధానాలకు పూనుకున్నారు. శతావధానమంటే నూరుగురు పృచ్ఛకులు కోరిన విషయాలపై విడతకు ఒక్కొక్క పాదం చొప్పున పద్యాలు అల్లి, చివరికి అన్నిటినీ వరుస తప్పకుండా అప్పగించాలి. కాగితం, కలం ముట్టరాదు. కాకినాడలో చేసిన శతావధానంతో జంటకవుల పేరు మారుమోగింది. గద్వాల, ఆత్మకూరు, వనపర్తి, వెంకటగిరి సంస్థానాలు వారిని గౌరవించాయి. ఆ పర్యటనల పద్యాలే ‘నానారాజ సందర్శనము’గా వెలువడ్డాయి.

పండితులు మీసం పెంచడం ఆచారం కాని రోజుల్లో ఇద్దరూ మీసాలు పెంచారు. సంస్కృతాంధ్రాల్లో తమను ఓడించిన వారుంటే వాటిని తీయించి నమస్కరిస్తామని సవాలు విసిరారు. దానితో వివాదాలూ కొని తెచ్చుకున్నారు. పోలవరం జమీందారు ఆదరణలో ఉండగా ‘లైట్ ఆఫ్ ఏషియా’ కావ్యాన్ని ‘బుద్ధచరిత్రము’గా తెనిగించారు.

బందరు బడిలో గురుపీఠం

కృష్ణా జిల్లాకు ఆయన చేసిన మేలు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునిగా మొదలయింది. విశ్వనాథ సత్యనారాయణ, వేటూరి ప్రభాకరశాస్త్రి, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఆయన శిష్యగణంలోని వారు. 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న విశ్వనాథ, తనవంటి శిష్యుడు లభించిన భోగం నన్నయ, తిక్కనలకు కూడా లేదని, అది తన గురువుకే దక్కిందని చమత్కరించారు. ఆ అతిశయం, ఆ హాస్యం రెండూ గురువు నుంచి సంక్రమించినవే.

ఒంటరి అయినా జంట పేరే

1920లో తిరుపతిశాస్త్రి కన్నుమూశారు. అప్పటికి వేంకటశాస్త్రికి యాభయ్యేళ్లు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు ఆయన ఒంటరిగా రాశారు. అయినా తన రచనలను ఇద్దరి పేరిటే ప్రకటించారు. ఏ పద్యం ఎవరిదన్న ఆరా ఆయనకు రుచించేది కాదు. రక్తసంబంధం లేని ఆ సోదరభావం తెలుగు సాహిత్య చరిత్రలో అపురూపం.

పత్రికల్లో వెలువడి ‘కథలు-గాథలు’గా కూర్చిన వ్యాసాలు ఆ ఒంటరి దశ ఫలమే. చెప్పబోయే విషయం ఒకటి, దారిలో తగిలే ముచ్చట్లు పది. అవధాన సభ గురించి ఎత్తుకొని, ఆతిథ్యమిచ్చిన ఇంటి సంగతి, వారి చుట్టరికాలు, పాత తగాదాలు చుట్టివచ్చి మళ్లీ సభలో అడుగుపెడతారు. వీధి అరుగుపై కూర్చున్న తాతగారు మనుమలకు కబుర్లు చెప్పే పద్ధతి అది. వ్యాకరణంలో ఉద్దండుడైన పండితుడు వచనానికి వచ్చేసరికి మాటలాడే తెలుగుకు దగ్గరగా జరగడం విశేషం. ఆ కబుర్ల పుణ్యమా అని గురుకులాలు, సత్రాలు, సంస్థానాల నాటి జీవితం నేటివారికి తెలుస్తోంది.

తొలి ఆస్థానకవి

మద్రాసు ప్రభుత్వం 1949లో ఆయనను తెలుగు ఆస్థానకవిగా నియమించింది. ఆ గౌరవం పొందిన తొలి కవి ఆయనే. సంభావన కోసం ఊరూరా తిరిగిన బ్రహ్మచారి దినాలకు, ప్రభుత్వ సత్కారానికి నడుమ ఆరు దశాబ్దాల ప్రయాణం ఉంది. ఆ పదవిలో ఎక్కువ కాలం ఉండే యోగం లేకపోయింది. విశ్వేశ్వరుని వెదుకుతూ యౌవనంలో కాశీ బాట పట్టిన ఆ కవి, 1950 ఫిబ్రవరి 15న మహాశివరాత్రి పర్వదినాన తుదిశ్వాస విడిచారు.