కాకినాడకు దేహమిచ్చిన శాస్త్రవేత్త – జె.బి.ఎస్. హాల్డేన్

మారిషస్ దీవికి వచ్చిన మన పెద్దలను ఒకప్పుడు కోరంగీలని పిలిచేవారు. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరంగి రేవు పేరే వారికి గుర్తింపుగా నిలిచిపోయింది. ఆ రేవుకు దగ్గరలోని కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ఉన్నది. 1964 డిసెంబరులో లోకప్రసిద్ధుడైన ఒక శాస్త్రవేత్త భౌతికకాయం ఆ కళాశాలకు చేరింది. తన మరణానంతరం తన దేహం వైద్య విద్యార్థుల చదువుకు, పరిశోధనకు ఉపయోగపడాలని ఆయన వీలునామా వ్రాసి ఉంచారు. ఆ మహనీయుడే జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. రక్తసంబంధం, వంశపారంపర్యం, పెళ్ళి సంబంధం అనే మాటలు మన ఇళ్ళలో నిత్యం వినబడేవే గనుక ఆయన జీవితం మనమందరం తెలుసుకోదగినది.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ బొగ్గుగనుల విషవాయువులను పరిశోధించిన శరీరధర్మ శాస్త్రవేత్త. కొడుకును చిన్నతనంలోనే గనుల్లోకి తీసుకుపోయి, ఏ గాలి ప్రాణం తీస్తుందో, ఏ గాలి నిలుపుతుందో అనుభవం మీద నేర్పారు. ప్రయోగం ముందు తన ఒంటిమీదనే చేసుకోవాలి, ఆ తర్వాతనే ఇతరుల జోలికి పోవాలి అన్న నియమం ఆ ఇంటి నుంచి వచ్చిందే. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయినప్పుడు హాల్డేన్ తానే ఉక్కు గదిలో కూర్చుని, ఊపిరాడని స్థితిని తెలిసి తెలిసి అనుభవించి, కారణాలను విచారించారు.

విచిత్రమేమంటే, ఆయనకు విజ్ఞానశాస్త్రంలో పట్టా లేదు. ఆక్స్‌ఫర్డులో గణితంతో పాటు గ్రీకు, లాటిన్ సాహిత్యాలు చదివారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి గాయపడ్డారు. 1923 నుంచి కేంబ్రిడ్జిలోను, 1933 నుంచి లండన్ యూనివర్శిటీ కాలేజీలోను పనిచేశారు. డార్విన్ పరిణామవాదాన్ని, మెండెల్ వంశపారంపర్య సూత్రాలను గణితంతో ముడివేసిన ముగ్గురు ప్రముఖులలో ఆయన ఒకరు. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధికి కారణమైన జన్యువులో కొత్తగా మార్పు ఎంత తరచుగా పుడుతుందో 1935లో లెక్కగట్టారు. ఒక తరంలో దాదాపు 50,000కు ఒకటి అని తేలింది. మానవ జన్యువు మార్పును లెక్కకు తెచ్చిన తొలి ప్రయత్నాలలో అది ముఖ్యమైనది.

మన దీవికి సంబంధించిన మాట మరొకటి ఉన్నది. 1866 మొదలు కొన్నేళ్ళపాటు మలేరియా మారిషస్‌లో వేలాది ప్రాణాలను బలిగొన్నది. అటువంటి జ్వరం మనిషి రక్తాన్నే మార్చివేయగలదని హాల్డేన్ 1949లో ఊహించారు. తలసీమియా జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే బిడ్డకు కష్టం. ఒక్కరి నుంచి వస్తే మాత్రం మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది, అందుకే జ్వరసీమలలో ఆ జన్యువు నిలిచిపోయింది అన్నది ఆయన ఆలోచన. సికిల్ సెల్ విషయంలో 1954లో ఆంథొనీ ఆలిసన్ దీనికి రుజువు చూపారు. కాబట్టి ఒక జన్యువును చెడ్డదని ముద్రవేసి పారవేయడం అంత సులువు కాదు. ఒకచోట శాపమైనది మరొకచోట కవచం కావచ్చు.

ఈ తెలివిడి ఆ రోజుల్లో ఎంత అవసరమో చరిత్ర చెబుతున్నది. మేలైన వంశాలను పెంచి, తక్కినవారికి సంతానం లేకుండా చేయాలన్న సుజననవాదం అప్పట్లో పెద్దలనేకులను ఆకట్టుకున్నది. అమెరికా సుప్రీంకోర్టు 1927లో బలవంతపు శస్త్రచికిత్సను సమర్థించింది. జర్మనీ 1933లో చట్టం చేసి సుమారు 4 లక్షల మందికి సంతానం లేకుండా చేసింది. హాల్డేన్ 1938లో వెలువరించిన గ్రంథంలో ఈ వాదంలోని డొల్లతనాన్ని చూపారు. అనేక వ్యాధి జన్యువులు ఆరోగ్యవంతుల శరీరాలలోనే దాగి ఉంటాయి గనుక, రోగులను శిక్షించినంత మాత్రాన వ్యాధి పోదు, అన్యాయం మాత్రం మిగులుతుందని వివరించారు.

అయితే ఆయనను దేవుడిని చేయడం మా ఉద్దేశం కాదు. 1924లో అచ్చయిన తన తొలి పుస్తకంలో, గర్భం వెలుపల బిడ్డలను పెంచే కాలం వస్తుందని, ఎన్నికచేసిన తల్లిదండ్రుల నుంచే వారిని పుట్టించవచ్చునని ఆయనే వ్రాశారు. 1962లో లండన్ సభలో ప్రతిభావంతుల నకళ్ళను పుట్టించడాన్ని గురించి ప్రసంగించారు. కమ్యూనిస్టుగా ఉన్న రోజుల్లో, సోవియట్ దేశంలో జన్యుశాస్త్రవేత్తలను అణచివేసిన లైసెంకోను తగినంత గట్టిగా ఖండించలేకపోయారు. ఎంత మేధావికైనా, తనకు నచ్చిన రాజ్యం తప్పుచేస్తే నోరు పెగలదని ఇందువల్ల తెలుస్తున్నది.

1957లో ఆయన ఇంగ్లండు విడిచి, భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. మన దుస్తులు ధరించారు, మాంసాహారం మానారు, భారత పౌరుడైనారు. ఆయన శిష్యులలో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. గురువు ప్రోత్సాహంతో కృష్ణారావు ఆంధ్రదేశపు మేనరికాలను పరిశీలించి, పి. మీరాఖాన్‌తో కలిసి 1963లో పరిశోధన పత్రం ప్రకటించారు.

ఈ సంగతి మన ఇళ్ళను నేరుగా తాకుతుంది. ఒకే గోత్రం వారు పెళ్ళాడరాదని మన పెద్దలు నియమం పెట్టారు. ఆ నియమం తండ్రి వైపు వంశాన్ని మాత్రమే చూస్తుంది. మేనమామ కూతురి గోత్రం వేరే గనుక సంబంధం కుదురుతుంది. కాని జన్యువులకు గోత్రం తెలియదు. అవి తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ సమానంగా వస్తాయి. మేనత్త, మేనమామ బిడ్డలకు జన్యువులలో ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు. ఒకే లోపం ఇద్దరిలో దాగి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. అలాగని మేనరికం చేసుకున్న ఇళ్ళన్నీ రోగాల పుట్టలనుకోవడమూ పొరపాటే. మేనత్త, మేనమామ బిడ్డల పెళ్ళిళ్ళలో తీవ్రమైన వ్యాధుల అదనపు ప్రమాదం నూటికి సుమారు రెండు మూడు మాత్రమే.

హాల్డేన్ 1962లో భువనేశ్వర్‌కు తరలి అక్కడ ప్రయోగశాల నెలకొల్పారు. క్యాన్సర్ సోకినా దానిమీద హాస్యగీతం వ్రాసిన ధైర్యశాలి ఆయన. 1964 డిసెంబరు 1న తుదిశ్వాస విడిచారు. హెలెన్ 1978లో హైదరాబాదులో కన్నుమూశారు.

ఆయన ఊహించిన కాలం నేడు మన ముంగిట నిలిచింది. 2018లో చైనాలో ఒక శాస్త్రవేత్త పిండదశలోనే జన్యువులను మార్చి కవలలను పుట్టించి, 2019లో మూడేళ్ళ జైలుశిక్ష పొందాడు. పుట్టబోయే బిడ్డల అనుమతి ఎవరు అడగగలరు? 2023లో బ్రిటన్ సికిల్ సెల్, తలసీమియా రోగులకు జన్యుసవరణ చికిత్సను ఆమోదించింది. ఇది రోగి రక్తకణాలకే పరిమితం, సంతానానికి పోదు. కాని అమెరికాలో దీని ధర 20 లక్షల డాలర్లకు పైమాట. సామాన్యుడికి అందేదెన్నడు?

ఈ ప్రశ్నలు శాస్త్రవేత్తలకు మాత్రమే వదిలివేయదగినవి కావు. పెళ్ళికి ముందు రక్తపరీక్ష చేయించుకోవడం మంచిదే. అయితే అది ఆడపిల్లకొక్కదానికే పెట్టే పరీక్ష కారాదు. జన్యువును మోస్తున్నందుకు ఎవరినీ తప్పుపట్టరాదు, ఫలితం ఊరంతా చాటరాదు. బలవంతం అసలే పనికిరాదు. మన కుటుంబాలు ఇంటిపేరు, గోత్రం, పూర్వీకులు వచ్చిన ఓడ పేరు పదిలంగా దాచుకుంటున్నాయి. ఆ కాగితాల పక్కనే, ఏ తాతకు ఏ జబ్బు ఉండేదో, ఏ అమ్మమ్మ బిడ్డలు పసితనంలో ఎందుకు పోయారో కూడా సిగ్గుపడకుండా వ్రాసి ఉంచుదాం. అది మన మనుమలకు మనమివ్వగల మేలైన ఆస్తి.