ఆకలిని మరువని అందాల తార : ఆడ్రీ హెప్‌బర్న్

చలనచిత్ర తారల కీర్తి సాధారణంగా వారి యౌవనంతో పాటే అస్తమిస్తుంది. మరణానంతరం కూడా ప్రజల హృదయాలలో నిలిచేవారు బహు కొద్దిమంది. హాలీవుడ్ నటీమణి ఆడ్రీ హెప్‌బర్న్ అట్టివారిలో ఒకతె. ఆమె వస్త్రధారణను, పొట్టిగా కత్తిరించిన జుట్టును, సన్నని మేనిని లోకమంతా మెచ్చి అనుకరించింది. కాని ఆ సన్నదనం వెనుక దాగిన విషాదగాథను ఎరిగినవారు తక్కువ. ఆ గాథనే సోదర విద్యార్థులకు మనవి చేయదలచాము.

ఆడ్రీ 1929 మే 4వ తేదీన బెల్జియం దేశపు బ్రస్సెల్స్ నగరంలో జన్మించింది. తల్లి డచ్ ప్రభువంశీయురాలు. తండ్రి బ్రిటిష్ పౌరుడు. 1935లో తండ్రి కుటుంబాన్ని విడిచి వెళ్ళిపోయాడు. 1939లో యుద్ధం ఆరంభం కాగా, తటస్థ దేశమైన హాలెండులో భద్రత ఉంటుందని తలచి తల్లి ఆమెను ఆర్న్‌హెం పట్టణానికి చేర్చింది. ఆ ఆశ ఏడాదైనా నిలువలేదు. 1940 మే నెలలో జర్మన్ సేనలు హాలెండును ఆక్రమించాయి. 1942లో ఆమె తల్లి సోదరి భర్తను నాజీలు కాల్చి చంపారు. నృత్యం నేర్చుకుంటున్న ఆ బాలిక, కిటికీలు మూసిన గదులలో రహస్యంగా నర్తించి, ప్రతిఘటనోద్యమానికి ధనం సమకూర్చింది.

1944-45 శీతకాలంలో జర్మన్లు ఆహార రవాణాను అడ్డగించగా హాలెండులో దారుణమైన కరువు ఏర్పడింది. వేలాదిమంది అన్నం లేక మరణించారు. పదిహేనేండ్ల ఆడ్రీ రక్తహీనతకు, కామెర్లకు గురి అయింది. దేహం నీరు పట్టింది. యుద్ధం ముగిసిన పిమ్మట అంతర్జాతీయ సహాయ సంస్థ పంచిన ఆహారం ఆమెకు మరల ప్రాణం పోసింది.

1948లో లండన్ చేరి మేరీ రాంబర్ట్ నృత్యశాలలో శిక్షణ పొందింది. అయితే ఆమె ఎత్తు, బాల్యంలో పోషణ లేక బలహీనపడిన దేహం ప్రధాన నర్తకి పదవికి అడ్డమని తేలింది. ఆ ద్వారం మూసుకొనగా రంగస్థలం స్వాగతించింది. 1951లో ఫ్రెంచి రచయిత్రి కోలెత్ ఆమెను చూచి, తన ‘జిజి’ నాటకంలో నాయికగా ఎన్నుకొన్నది. 1953లో విలియం వైలర్ దర్శకత్వంలో వచ్చిన ‘రోమన్ హాలిడే’ ఆమెను జగద్విఖ్యాతురాలిని చేసింది. ఒక్క రోజు స్వేచ్ఛను అనుభవించి, మరల కర్తవ్యానికి తలవంచిన రాకుమారి పాత్రకు 24వ యేట ఆస్కార్ లభించింది.

పారిస్ వస్త్ర శిల్పి జివాంషీతో ఆమె స్నేహం సుమారు నలభై యేండ్లు సాగింది. ఆయన కూర్చిన దుస్తులలో భారమైన అలంకారం లేదు. ఉన్నది పొందిక మాత్రమే. ఉర్దూలో ‘సాద్గీ’ అనే అందమైన మాట ఉన్నది. ఆడంబరం లేని ఆ సౌందర్యమే ఆమె శోభకు ప్రాణమని మా అభిప్రాయం. ఆమె వలె సన్నబడాలని కోరుకొన్న యువతులకు, ఆ శరీరాన్ని అట్లా మలచిన వాటిలో కరువు కూడా ఒకటని తెలియదు. ఆకలి ఎన్నడూ అలంకారం కాదు.

ఆ సత్యాన్ని ఆడ్రీ మరువలేదు. 1967 తరువాత నటనను చాలవరకు తగ్గించి, బిడ్డల పెంపకానికి అంకితమైంది. 1988లో యూనిసెఫ్ పక్షాన ఇథియోపియా వెళ్ళి, కరువు వాతబడిన పసివారిని కలుసుకొన్నది. ఆ తరువాత సూడాన్, బంగ్లాదేశ్, వియత్నాం దేశాలు తిరిగింది. తన పేరు విని గుమికూడిన పత్రికలవారి దృష్టిని ఆ బిడ్డలవైపు మళ్ళించింది. 1992 సెప్టెంబరులో సోమాలియా వెళ్ళివచ్చిన కొద్ది మాసాలకే, 1993 జనవరి 20న, క్యాన్సరు వ్యాధితో స్విట్జర్లాండులో కన్నుమూసింది.

1961లో వచ్చిన ‘బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫానీస్’ చిత్రం కోసం జివాంషీ రూపొందించిన నల్లని గౌనులలో ఒకటి 2006లో లండన్ వేలంలో 4,67,200 పౌన్లు పలికింది. ఆ ధనం భారతదేశపు పేదలకు సేవచేసే ‘సిటీ ఆఫ్ జాయ్’ సంస్థకు చెందింది. ఆమె సొగసు ఆమె వెనుక కూడా పేదల సేవకే ఉపయోగపడింది. తారలను అభిమానించే మనము వారి వేషాన్ని అనుకరించడంతో తృప్తి పడరాదు. తాను పడిన బాధ మరొకరు పడకూడదని తపించిన ఆ హృదయాన్ని అలవరచుకొన్ననాడే మన అభిమానం సార్థకమవుతుంది.