ఇన్సులిన్ మోతాదును రోగికి నేర్పిన వైద్యుడు.. ఆర్.డి. లారెన్స్

ఏటా నవంబరు 14న ప్రపంచ మధుమేహ దినం జరుపుకుంటారు. ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ముఖ్యుడైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు అది. సరిగ్గా నాలుగు రోజుల తరువాత, నవంబరు 18న మరో వైద్యుడి జయంతి వస్తుంది. బాంటింగ్ కనుగొన్న మందుతో చావు అంచు నుంచి బయటపడి, ఆ మందును ఎప్పుడు, ఎంత తీసుకోవాలో రోగులే తెలుసుకోవాలని జీవితాంతం పాటుపడిన ఆ వైద్యుడు రాబర్ట్ డేనియల్ లారెన్స్.

లారెన్స్ 1892లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ నగరంలో జన్మించారు. తండ్రి బ్రష్‌ల తయారీ వ్యాపారి. ఫ్రెంచి, ఆంగ్ల సాహిత్యాలలో ఎంఏ పూర్తి చేసిన లారెన్స్ కొంతకాలం లండన్‌లో బంధువుల బట్టల దుకాణంలో పనిచేశారు. ఆ పనిలో మనసు నిలవక, అబర్డీన్‌కు తిరిగివచ్చి వైద్య విద్యలో చేరి 1916లో పట్టా పొందారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక వైద్య దళంలో చేరి భారతదేశ సరిహద్దు ప్రాంతంలో సేవలందించారు. అక్కడ జిగట విరేచనాలతో ఆరోగ్యం దెబ్బతినడంతో 1919లో స్వదేశానికి చేరారు.

లండన్‌లోని కింగ్స్ కాలేజ్ హాస్పిటల్‌లో శస్త్రవైద్యుడిగా ఎదగాలన్నది ఆయన ఆశయం. చెవి వెనుక ఎముకకు చేసే శస్త్రచికిత్సను ఒక మృతదేహంపై సాధన చేస్తుండగా చిన్న ఎముక ముక్క ఎగిరి ఆయన కంట్లో పడింది. కన్ను వాచి, ఇన్ఫెక్షన్ సోకింది. చికిత్స కోసం చేరినప్పుడు జరిపిన పరీక్షలలో మధుమేహం బయటపడింది. అప్పటికి ఆయన వయసు ముప్పైలోపే. శస్త్రవైద్యుడు కావాలన్న ఆశ అక్కడితో ముగిసింది.

ఇన్సులిన్ లేని ఆ రోజులలో యువకులకు ఈ వ్యాధి రావడమంటే మరణశిక్ష పడినట్లే. ఆహారాన్ని ఆకలి చావు అంచు వరకు తగ్గించి ప్రాణాన్ని కొన్నేళ్లు పొడిగించడమే వైద్యులు చేయగలిగింది. లారెన్స్ ఆ కఠిన పథ్యాన్ని పాటిస్తూ, అదే ఆసుపత్రిలోని రసాయన పరీక్షల విభాగంలో కొంతకాలం పనిచేశారు. తన మరణం కుటుంబం కళ్లముందు జరగకూడదన్న తలంపుతో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరానికి వెళ్లి, అక్కడే చిన్నగా వైద్యవృత్తి సాగించారు.

1922-23 శీతాకాలంలో ఊపిరితిత్తుల జబ్బు సోకి ఆయన పరిస్థితి పూర్తిగా దిగజారింది. కాళ్లలో నరాలు దెబ్బతిన్నాయి. ఆ సమయానికి కెనడాలోని టొరంటోలో రోగులకు ఇన్సులిన్ ఇవ్వడం మొదలై ఏడాది దాటింది. 1923 మే నెలలో లండన్‌లోని సహోద్యోగి హారిసన్ నుంచి తంతి అందింది. ఇన్సులిన్ తమకు దొరికిందని, అది పనిచేస్తోందని, వెంటనే బయలుదేరి రావాలని దాని సారాంశం. నీరసించిన దేహంతోనే లారెన్స్ కారులో ఐరోపాను దాటి లండన్ చేరారు. మే 31న తొలి ఇంజెక్షన్ తీసుకున్నారు.

ప్రాణం నిలిచింది కానీ కొత్త చిక్కు మొదలైంది. ఇన్సులిన్ తక్కువైతే చక్కెర పెరిగి దేహం క్షీణిస్తుంది. ఎక్కువైతే చక్కెర ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, తడబాటు మొదలై చివరకు స్పృహ తప్పుతుంది. సరైన మోతాదు నిన్నటిదే నేడూ కావాలన్న నియమం లేదు. తిన్న తిండి, చేసిన శ్రమ, వచ్చిన జ్వరం, అన్నీ దానిని మారుస్తాయి. వైద్యుడు నెలకో, రెండు నెలలకో ఒకసారి చూస్తాడు. రోగి మాత్రం రోజూ పలుమార్లు సూది పట్టుకోవాలి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని లారెన్స్ తన శరీరంలోనే అనుభవించారు. శారీరక శ్రమ ఇన్సులిన్ ప్రభావాన్ని పెంచుతుందని చూపే అధ్యయనాన్ని ఆయన 1926లో ప్రచురించారు. శ్రమ చేసే రోజున మోతాదు తగ్గించుకోవడమో, ఆహారం పెంచుకోవడమో అవసరమని నేడు ప్రతి రోగికీ చెప్పే మాటకు అది తొలి ఆధారాలలో ఒకటి.

1925లో ఆయన రాసిన 'ది డయాబెటిక్ లైఫ్' వెలువడింది. వైద్యులకు, రోగులకు ఉమ్మడిగా ఉద్దేశించిన గ్రంథమది. వైద్యుడు చదివే విషయాన్నే రోగి చేతిలోనూ పెట్టడం ఆ కాలానికి సాహసమే. ఆహార లెక్కను సులువు చేసేందుకు ఆయన పదార్థాలను నలుపు, ఎరుపు భాగాలుగా విభజించారు. పది గ్రాముల పిండిపదార్థం ఉన్నది ఒక నలుపు భాగం. మాంసకృత్తులు, కొవ్వు ఉన్నవి ఎరుపు భాగాలు. అక్షరాలు మాత్రమే వచ్చినవారు సైతం తమ పళ్లెంలో ఏముందో లెక్కించుకోగలిగారు. ఇంట్లోనే బెనెడిక్ట్ ద్రావణంలో మూత్రం చుక్కలు వేసి మరిగిస్తే, నీలం రంగు ఆకుపచ్చ, పసుపు, ఇటుక ఎరుపు రంగులలోకి మారేదాన్ని బట్టి చక్కెర అంచనా దొరికేది. కొన్ని గంటల కిందటి సంగతి చెప్పే పరీక్షే అయినా, చక్కెర ప్రమాదకరంగా తగ్గిందని హెచ్చరించలేకపోయినా, అప్పటికి అంతకు మించిన దారి లేదు.

సమాచారం ఒక్కటే చాలదని లారెన్స్ గుర్తించారు. ఆయన వద్ద చికిత్స పొందిన ప్రముఖ రచయిత హెచ్.జి. వెల్స్‌తో కలిసి 1934లో డయాబెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు. రోగులు, వైద్యులు ఒకే వేదికపై సభ్యులుగా చేరిన సంస్థ అది. నేడు అదే డయాబెటిస్ యూకేగా కొనసాగుతోంది. 1950లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడు లారెన్సే. రక్తంలో ఇన్సులిన్ ఉన్న మధుమేహం, లేని మధుమేహం వేరువేరని చూపిన 1951 నాటి పరిశోధనలోనూ ఆయన భాగస్వామి. 1968 ఆగస్టు 27న, 75వ ఏట లండన్‌లో కన్నుమూశారు. కొన్నేళ్లే బతుకుతాడనుకున్న మనిషి ఇన్సులిన్‌తో 45 సంవత్సరాలు జీవించారు.

ఆయన నాటిన విత్తనం మొలకెత్తడానికి చాలాకాలం పట్టింది. చేతి వేలి రక్తపు చుక్కతో ఇంట్లోనే చక్కెర చూసుకునే పరికరాలు వచ్చిన తరువాతనే రోగి వెంటనే నిర్ణయం తీసుకోగలిగాడు. తినే తిండికి తగినట్లు మోతాదును తామే సర్దుకునేలా టైప్ 1 రోగులకు శిక్షణనిచ్చే 'డాఫ్నే' కార్యక్రమంపై బ్రిటన్‌లో 169 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2002లో వెలువడ్డాయి. శిక్షణ పొందినవారిలో చక్కెర అదుపు మెరుగుపడింది, భోజనంపై స్వేచ్ఛ పెరిగింది, చక్కెర తీవ్రంగా పడిపోయే ప్రమాదం మాత్రం పెరగలేదు. ఆ పరీక్షలో పాల్గొన్న మూడు ఆసుపత్రులలో లారెన్స్ పనిచేసిన కింగ్స్ కాలేజ్ హాస్పిటల్ ఒకటి. అందులో పిండిపదార్థాన్ని లెక్కించే ప్రమాణం కూడా పది గ్రాములే.

భారతదేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన అధ్యయనం 2023లో అంచనా వేసింది. వీరిలో ఇన్సులిన్ వాడేవారికి ఏకాదశి ఉపవాసం, రంజాన్ నెల, పెళ్లి విందు, రాత్రి పని, ఎండలో పొలం పని, ప్రతిదీ చీటీపై రాసిన ఒకే సంఖ్యకు సవాలు విసిరేదే. ఎవరినీ అడగకుండా ఇష్టం వచ్చినట్లు మోతాదు మార్చడం, జ్వరం వచ్చిందనో తిండి సయించలేదనో ఇన్సులిన్ మానేయడం ప్రాణాపాయకరం. ఏ సందర్భంలో ఎన్ని యూనిట్లు తగ్గించాలి, ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి అన్నది వైద్యుడి వద్ద ముందే నేర్చుకోవడం వేరు. ఆ పాఠం చెప్పడం చికిత్సలో భాగమేనని, దానికి వెచ్చించే సమయం వృథా కాదని లారెన్స్ జీవితం చెబుతోంది. సూది పట్టే చేతికే లెక్క కూడా తెలిసి ఉండాలని ఆయన నమ్మారు. ఆ నమ్మకానికి తన దేహాన్నే సాక్ష్యంగా నిలిపారు.