దివాన్ సాలార్‌జంగ్

సాలార్‌జంగ్ అనగానే మనకు మ్యూజియం, అందులో గంటలు కొట్టే గడియారం గుర్తుకొస్తాయి. కాలేజీలో చేరిన కొత్తలో చూడబోయినప్పుడు నాకూ అంతకంటే తెలియదు. ఆ వస్తువుల్లో చాలామటుకు కూడబెట్టింది మనవడు, మూడవ సాలార్‌జంగ్. నేను చెప్పబోయేది తాతగారి సంగతి.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో బీజాపూర్‌లో పుట్టాడు. 1853లో తండ్రి సోదరుడు సిరాజుల్‌ముల్క్ చనిపోగా హైదరాబాదు దివాన్ అయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు 24. మనకంటే నాలుగేళ్ళే పెద్ద!

చేతికొచ్చింది ఖాళీ ఖజానా. సైన్యం ఖర్చుల బాకీ కింద ఇంగ్లీషు కంపెనీ బీరారును అంతకు కొద్ది రోజుల ముందే తీసుకుంది. శిస్తు వసూలును గుత్తకిచ్చేవారు. గుత్తదారు సర్కారుకు ఒప్పుకున్నది కట్టి, రైతు దగ్గర దొరికినంతా గుంజేవాడు. పంట ఎండిందా పండిందా అని అడిగే నాథుడు లేడు.

సాలార్‌జంగ్ ఆ గుత్తలు తీసేసి, జీతం మీద పనిచేసే అధికారులను పెట్టాడు. 1865లో జిల్లాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలు, తాలూకాలుగా విడగొట్టాడు. కోర్టులు, పోలీసు ఏర్పడ్డాయి. పాతబస్తీలో దారుల్ ఉలూం విద్యాలయం వెలిసింది. 1874లో వాడి నుంచి మన నగరానికి రైలు వచ్చింది.

అయితే ఒక మచ్చ దాచకూడదు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేస్తే, దివాన్ ఇంగ్లీషువారి పక్కనే నిలిచాడు. తుర్రేబాజ్ ప్రాణం పోయింది, మౌల్వీ అండమాన్ పాలయ్యాడు. 1860లో ఇంగ్లీషువారు రాయచూరు, నల్‌దుర్గ్ తిరిగిచ్చారు. బీరారు మాత్రం ఇవ్వలేదు. 1876లో ఆయన ఇంగ్లండు వెళితే ఆక్స్‌ఫర్డ్ వారు గౌరవ డాక్టరేటు ఇచ్చారు. అడిగిన బీరారు మాత్రం దక్కలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి పోయాడు. దాయిరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి ఉంది.

ఇంకొక మాట. ఆయన సంస్కరణలు సర్కారు దివానీ గ్రామాలకే. జాగీర్ల జోలికి పోలేదు. ఆయనా పెద్ద జాగీర్దారే కదా! మా ఊరు జాగీరు గ్రామం. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా మా ముత్తాత జాగీర్దారు మనుషులకే శిస్తు కట్టాడట. వాళ్ళు ఏ పూట వస్తే ఆ పూట కళ్ళంలో గింజ కదిలేది కాదని తాత చెప్తుంటాడు.

అందుకే నాకు ఆయనంటే గౌరవమూ ఉంది, కోపమూ ఉంది. రైతు కష్టం ఎక్కడుందో సరిగ్గా కనిపెట్టిన మనిషి, తన గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. మ్యూజియం చూడబోయే మిత్రులు గడియారం దగ్గర నిలబడ్డప్పుడు ఈ తాతగారిని కూడా ఒక్కసారి తలుచుకోవాలని నా మనవి.