మౌలానా ఫజ్లె హక్ ఖైరాబాదీ

అండమాన్ అనగానే అందరికీ ముందుగా గుర్తుకు వచ్చేది సెల్యులార్ జైలు. మన ఆస్టినాబాద్‌లో ఎవరి ఇంటికి చుట్టాలు వచ్చినా చూపించడానికి అక్కడికే తీసుకువెళతాం. అయితే ఆ జైలు కట్టడం మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. అంతకు చాలా ముందే, 1858 మార్చి 10న, 200 మంది ఖైదీలతో మొదటి ఓడ ఈ తీరానికి చేరింది. ఆ తొలి రోజుల్లో ఇక్కడికి వచ్చి, మళ్లీ తన ఇల్లు చూడకుండానే ఈ మట్టిలో కలిసిపోయిన మహాపండితుడు మౌలానా ఫజ్లె హక్ ఖైరాబాదీ. ఆయన సమాధి సౌత్ పాయింట్‌లో ఉంది.

ఫజ్లె హక్ 1797లో, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని సీతాపూర్ జిల్లా ఖైరాబాద్‌లో జన్మించారు. తండ్రి ఫజ్లె ఇమామ్ ఢిల్లీలో పెద్ద న్యాయాధికారి, తర్కశాస్త్రంలో గొప్ప పండితుడు. తండ్రి దగ్గర తర్కం, తత్త్వశాస్త్రం నేర్చుకున్న ఫజ్లె హక్, ప్రవక్త బోధనలైన హదీసులను ఢిల్లీలోని షా అబ్దుల్ ఖాదిర్ దగ్గర అభ్యసించారు. పదమూడేళ్లకే చదువు ముగించి తానే ఇతరులకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారట. కొంతకాలం ఢిల్లీలో కంపెనీ కొలువులో శిరస్తదారుగా పనిచేశారు. మహాకవి మీర్జా గాలిబ్ ఆయనకు ప్రాణస్నేహితుడు.

ముస్లింలలో అభిప్రాయభేదాలు కొత్తవి కావు. 632లో ముహమ్మద్ ప్రవక్త మరణించాక, ఆయన తరువాత సమాజానికి ఎవరు నాయకత్వం వహించాలి అన్న ప్రశ్న దగ్గరే అవి మొదలయ్యాయి. కాలక్రమంలో సున్నీ, షియా అనే రెండు శాఖలు ఏర్పడ్డాయి. ఒక్కో శాఖలోనూ మళ్లీ ఎన్నో వాదాలు పుట్టాయి. ఫజ్లె హక్ యువకుడిగా ఉన్నప్పుడు ఢిల్లీలో అలాంటి వాదమే ఒకటి చెలరేగింది.

షా ఇస్మాయిల్ అనే పండితుడు మతాచారాలను సంస్కరించాలని ఒక పుస్తకం రాశారు. దేవుడు సర్వశక్తిమంతుడు కనుక, తలచుకుంటే ముహమ్మద్ ప్రవక్త వంటి వారిని ఎందరినైనా సృష్టించగలడని ఆయన అన్నారు. ప్రవక్తలలో చివరివాడు అంటే ఒక్కడే ఉంటాడు, చివరివారు ఇద్దరు ఉండడం అసాధ్యం అని ఫజ్లె హక్ తర్కంతో ఎదుర్కొన్నారు. దీనిపై పుస్తకాలు వెలువడ్డాయి, ఢిల్లీ పండితులు రెండు పక్షాలయ్యారు. గాలిబ్ కూడా తన స్నేహితుడి కోరికపై ఈ విషయం మీద ఒక కావ్యం రాశారు. విచిత్రం ఏమిటంటే, ఈ ఇద్దరూ పరాయివారు కారు. ఫజ్లె హక్ గురువు షా అబ్దుల్ ఖాదిర్, ఇస్మాయిల్‌కు స్వయానా పెదనాన్న. ఒకే ఇంటి చదువు రెండు దారులుగా చీలింది. 1831లో బాలాకోట్ యుద్ధంలో ఇస్మాయిల్ మరణించారు. వాదం మాత్రం ఆయనతో ఆగలేదు.

అదే కాలంలో ఫజ్లె హక్ కంపెనీ ఉద్యోగం వదిలిపెట్టారు. ఝజ్జర్, ఆల్వార్, టోంక్, రాంపూర్ సంస్థానాలలో పనిచేశారు. తరువాత షియా నవాబులు పాలించే లక్నోలో ఉన్నత న్యాయాధికారి అయ్యారు. ఆయన సున్నీ. అయినా ఆ తేడా కొలువుకు అడ్డు రాలేదు.

1857 మే నెలలో మీరట్‌లో సిపాయిలు తిరగబడి ఢిల్లీ చేరుకున్నారు. ముసలి చక్రవర్తి బహదూర్ షా జఫర్ వారికి నాయకుడయ్యాడు. హిందువులూ ముస్లింలూ కలిసి నిలవకపోతే ఆ పోరు ఒక్కరోజు కూడా నిలవదని చక్రవర్తికి తెలుసు. అందుకే ఆ ఏడాది బక్రీద్‌కు గోవధను నిషేధించాడు. ఆగస్టులో ఫజ్లె హక్ ఆల్వార్ నుంచి ఢిల్లీ వచ్చి చక్రవర్తి పక్షాన నిలిచారు. సెప్టెంబరులో ఢిల్లీ ఆంగ్లేయుల వశమైంది. ఆయన అంతటితో ఆగక అవధ్ చేరుకుని బేగం హజ్రత్ మహల్‌కు సలహాదారుగా ఉన్నారు. జీవితమంతా సిద్ధాంతాల కోసం వాదించిన సున్నీ పండితుడు, షియా రాణి పక్కన నిలబడి దేశం కోసం పోరాడారు.

ఆ సంవత్సరమే మన తెలుగు నేలపై కూడా అలాంటి సంఘటన జరిగింది. 1857 జూలై 17న హైదరాబాద్‌లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కలిసి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడి చేశారు. తుర్రేబాజ్ ఖాన్‌ను చంపివేశారు. మక్కా మసీదు మౌల్వీ అయిన అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆయన కూడా ఇక్కడే కన్నుమూశారు.

1859 జనవరిలో ఫజ్లె హక్‌ను ఖైరాబాద్‌లో అరెస్టు చేశారు. తిరుగుబాటుకు ప్రేరేపించారన్న నేరంపై లక్నోలో విచారణ జరిపి, ఆస్తి జప్తు చేసి, యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష వేశారు. ఆ ఏడాది అక్టోబరులో ఓడలో పోర్ట్ బ్లెయిర్ చేరుకున్నారు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. ఇక్కడ అప్పుడు ఇన్ని రోడ్లు, ఇళ్లు లేవు. దట్టమైన అడవి, ఎడతెగని వాన, మలేరియా జ్వరాలు. పల్లకీలో తిరిగిన మనిషి చేత గంప మోయించారు, చెత్త ఎత్తించారు.

అంత కష్టంలోనూ ఆయన కలం ఆగలేదు. బొగ్గుతో, పెన్సిల్‌తో, దొరికిన కాగితం ముక్కల మీద, గుడ్డ పీలికల మీద 1857 పోరాట కథను అరబ్బీలో రాశారు. సమర్థులైన నాయకులు లేకపోవడం, క్రమశిక్షణ లోపించడం, సొంతవారే ద్రోహం చేయడం వల్ల ఓడిపోయామని అందులో బాధపడ్డారు. తోటి ఖైదీ ముఫ్తీ ఇనాయత్ అహ్మద్ విడుదలై వెళుతూ ఆ కాగితాలను తీసుకుపోయి, ఫజ్లె హక్ కుమారుడు అబ్దుల్ హక్‌కు అందజేశారు. ఈ ఇనాయత్ అహ్మద్ కూడా సామాన్యుడు కాదు. దగ్గర ఒక్క గ్రంథమైనా లేకుండా, జ్ఞాపకం మీదే ఇక్కడ అరబ్బీ వ్యాకరణ గ్రంథం రాశారు. దానిని మదర్సాలలో ఇప్పటికీ చదువుతున్నారు.

1861 ఆగస్టులో ఫజ్లె హక్ మరణించారు. ఆయన మరో కుమారుడు షంసుల్ హక్ ఎంతో ప్రయత్నించి తండ్రి విడుదల ఉత్తర్వు సంపాదించి, ఓడ దిగి ఈ ఊరికి వచ్చేసరికి ఎదురుగా ఒక జనాజా వెళుతోందట. ఎవరిదని అడిగితే తన తండ్రిదే అని తెలిసిందట. పెద్దలు ఈ సంగతి చెబుతుంటే వినేవారి కళ్లు చెమర్చకుండా ఉండవు. సినీ కవి జావేద్ అఖ్తర్ ఆ వంశంలోని వారే.

కథ ఇక్కడితో అయిపోలేదు. ఆయన పోయిన నాలుగేళ్లకు పాట్నా నుంచి కొందరు పండితులు ఖైదీలుగా ఇక్కడికి రావడం మొదలైంది. యహ్యా అలీ, అహ్మదుల్లా అనే అన్నదమ్ములు వారిలో ముఖ్యులు. వారు ఎవరో కాదు, ఫజ్లె హక్ ఎదిరించిన షా ఇస్మాయిల్ మార్గాన్ని అనుసరించినవారు. యహ్యా అలీ 1868లో, అహ్మదుల్లా 1881లో ఈ దీవుల్లోనే మరణించారు. ఢిల్లీలో ఒకే వేదిక మీద కూర్చోలేని రెండు పక్షాలవారినీ ఆంగ్లేయులు ఒకే సముద్రం దాటించారు, ఒకేలాంటి సంకెళ్లు వేశారు. చివరికి ఒకే నేల వారిని తన ఒడిలోకి తీసుకుంది.

ఫజ్లె హక్ తన అభిప్రాయాన్ని ఎవరి కోసమూ మార్చుకోలేదు. ఐకమత్యం అంటే అందరూ ఒకేలా ఆలోచించడం కాదని, వాదనలు ఉన్నా ఆపద వేళ ఒకరి పక్కన ఒకరు నిలబడడమని ఆయన జీవితం మనకు నేర్పుతుంది. మన తరగతి గదుల్లో తెలుగు, తమిళం, బెంగాలీ, హిందీ, మలయాళం మాట్లాడే పిల్లలం పక్కపక్కనే కూర్చుంటున్నాం. మనకూ తగవులు వస్తుంటాయి. ఈసారి సౌత్ పాయింట్ వైపు వెళ్లినప్పుడు ఆ సమాధి దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఆ పెద్దాయనను తలచుకుందాం.