కాలిబంతి గురువు రహీం సాహెబు

గురువు కీర్తి శిష్యుల వలన నిలుచునని పెద్దలు చెప్పుదురు. ద్రోణుని తలచినచో అర్జునుడు, సాందీపనిని తలచినచో శ్రీకృష్ణుడు మనస్సున మెదలుట సహజము. ఫుట్‌బాల్ క్రీడ విషయమున మాత్రము ఈ న్యాయము తలక్రిందులైనది. పి. కె. బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం అను పేర్లను నేటికిని కలకత్తా నగరమున వృద్ధులు ముచ్చటగా చెప్పుకొందురు. ఆ మువ్వురను ఒక్క జట్టున కూర్చి, ఆసియా ఖండమున ప్రథమ స్థానమునకు గొనిపోయిన ఆచార్యుడు మన హైదరాబాదు నగరపు బడిపంతులని ఎరిగినవారు తెలుగునాట సైతము కొలదిమందియే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. జనులు రహీం సాహెబు అని పిలిచెడివారు.

రహీం గారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. నాటికి అది నిజాము ప్రభువుల రాజధాని. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొందిరి. ఆ విశ్వవిద్యాలయపు జట్టులోనే ఫుట్‌బాల్ ఆడి పేరు తెచ్చుకొనిరి. పిమ్మట ఉపాధ్యాయ వృత్తి నవలంబించి కాచిగూడ మాధ్యమిక పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలగు చోట్ల పనిచేసిరి. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పాఠశాలలలో ఆటల బాధ్యతయు వహించిరి. 1940 దశకము ఆరంభమున హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, తుదిశ్వాస వరకు ఆ భారమును మోసిరి. ధనమున్నవారు కారు, అధికారమున్నవారును కారు. పంతులుగారి వాక్కు, పట్టుదల మాత్రమే ఆయన ఆస్తి.

ఈ ఆట ఎరుగని పాఠకులకు రెండు మాటలు. పక్షమునకు 11 మంది. గోలు కాచువాడు తప్ప తక్కినవారెవ్వరును బంతిని చేత తాకరాదు. ప్రత్యర్థి గోలులోనికి బంతిని ఎక్కువ సార్లు పంపిన పక్షము గెలిచినట్లు. చెడుగుడు వలెనే ఇందును ఒంటరి వీరుడు కూతపట్టి విజృంభింపవచ్చును, కాని అతడు పట్టుబడినచో జట్టంతయు నష్టపోవును. ఆ దినములలో మన దేశపు ఆటగాండ్రలో చాలమంది వట్టి పాదములతో ఆడెడివారు. బంతి దొరికినవాడు దానిని కాళ్ళ నడుమ ఆడించుచు ఇద్దరిని ముగ్గురిని తప్పించుకొని పోవుటయే గొప్పగా నెంచెడివాడు. చూచువారును చప్పట్లు చరచెడివారు. రహీం గారికి ఆ చప్పట్లు నచ్చలేదు. బంతి మనిషి కంటె వేగముగ పరుగెత్తునని, కావున మనిషి పరుగు తగ్గించి బంతిచేత పరుగెత్తింపవలెనని ఆయన బోధ. బంతి వచ్చుటయే తడవుగా ఒక్క తాకుడుతో సహచరునకు అందించి, తాను ఖాళీ చోటికి పోయి నిలువవలెను.

ఇది మాటలతో వచ్చు విద్య కాదని ఉపాధ్యాయుడైన ఆయనకు తెలియును. అందుచేత బాలురకు వింత పోటీలు ఏర్పరచిరి. ఒక పోటీలో బంతిని కాళ్ళ నడుమ ఆడించుట నిషిద్ధము. వచ్చిన బంతిని వచ్చినట్లే అందింపవలెను. మరియొక పోటీలో వాటముకాని కాలితోనే ఆడవలెను. కుడికాలి వాటమువాడు ఎడమకాలిని, ఎడమకాలి వాటమువాడు కుడికాలిని సాధింపవలసినదే. అర్జునుడు రెండు చేతులతోను బాణము వేయగలిగినందున సవ్యసాచి యైనాడు. రహీం గారు తన బాలురనందరను కాళ్ళతో సవ్యసాచులను చేయబూనిరి. పొట్టివారు పొడుగువారి క్రింద నలిగిపోకుండ, ఎత్తును కొలిచి ఆడించు పోటీలును నడిపిరి. గుణింతము రానివానిచేత పద్యము చదివింపరాదు గదా.

ఈ విద్యకు ఫలము మొదట హైదరాబాదు సిటీ పోలీసు జట్టున కనబడినది. రహీం గారు పోలీసు ఉద్యోగి కాకున్నను ఆ జట్టునకు శిక్షకులైరి. పోలీసు శాఖలోని శివకుమార్ లాల్ గారు ఆటగాండ్రకు ఉద్యోగములిచ్చి పోషించుటకు పూనుకొనిరి. ఒకరు విద్య చెప్పిరి, వేరొకరు కూడు చూపిరి. రెండును కుదిరిన చోట ఏ పని కాదు? బొంబాయిలో నాడు జరుగుచుండిన రోవర్స్ కప్పు పోటీలో ఈ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలిచినది. నాడు ఢిల్లీలో జరుగుచుండిన డ్యూరాండ్ కప్పును 1950లో కలకత్తా మోహన్ బగాన్ జట్టును ఓడించి తొలిసారి తెచ్చినది. 1954లోను, పిదపను గెలిచినది. కలకత్తా సంఘములకు ఉన్నంత ధనము, ప్రేక్షక సమూహము, పత్రికల ఆదరణ హైదరాబాదునకు లేవు. అయినను ఆ కాలమున సిటీ పోలీసు జట్టు పేరు వినిన కలకత్తా జట్లు జాగ్రత్తపడెడివి. నూర్ మహమ్మద్, అజీజ్, లాయిక్, మొయిన్, సూసై, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్ - ఈ పేర్లను హైదరాబాదు పాత బస్తీ ముసలివారు చాయ్ హోటళ్ళలో జపమాల త్రిప్పినట్లు ఒకటి వెంట నొకటిగా చెప్పుకొనెడివారు. అందు హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరును కలరు. 1948 తరువాత నగరమున మనస్సులు కలగియున్న దినములలో ఈ జట్టు గెలుపు అందరి గెలుపైనది. చిన్న సంగతి కాదు.

బలరాం కథ ఇచట చెప్పవలెను. సికిందరాబాదు చెంత అమ్ముగూడ అను చోట పేద కుటుంబమున పుట్టిన బాలుడాతడు. స్థానిక పోటీలో అతని ఆట చూచి రహీం గారు హైదరాబాదులో అభ్యాసమునకు రమ్మనిరి. రాకపోకలకు డబ్బు లేక బాలుడు తటపటాయించెను. అది గ్రహించి, అద్దె సైకిలునకై దినమునకు ఒక రూపాయి తామే యిచ్చెడివారట. బలరాం పెద్దవాడైన పిదప ఈ సంగతిని పలుమారు చెప్పుకొనెను. నాటి బడిపంతులు జీతమెంతయో, ఆ జీతమున దినమునకొక రూపాయి ఎంత లోతు కోయునో లెక్క తెలిసినవారు ఊహింపగలరు. ఆ బాలుడే 1956 ఒలింపిక్ జట్టున చేరి, పిదప కలకత్తా ఈస్ట్ బెంగాల్ సంఘమున వెలిగెను.

భారత జట్టు శిక్షకత్వము రహీం గారికి 1950 ప్రాంతమున లభించినది. 1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగెను. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు, ప్రధాని నెహ్రూ గారు చూచుచుండగా, మేవాలాల్ కొట్టిన ఒకే ఒక గోలుతో భారతజట్టు ఇరాను జట్టును ఓడించి బంగారు పతకము గెలిచెను. దేశమంతయు ఉప్పొంగినది.

మరుసటి యేడే హెల్సింకి నగరమున పరాభవము. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా జట్టు మన జట్టును 10 గోలులకు 1 గోలుతో ఓడించెను. చలిదేశపు తడిసిన నేల, మనవారిలో పెక్కురవి వట్టి పాదములు. ఓటమికి కారణము పాదరక్షలు లేకపోవుటయే యని చాలమంది తీర్పు చెప్పిరి. అది సగము నిజమే. రక్షకవరుసలో ఇద్దరినే నిలుపు పాత పద్ధతిని ప్రపంచము విడిచిపెట్టియుండగా మనము విడువలేదు. ఆ లోపమునకు గురువును బాధ్యుడే గదా. రహీం గారి గొప్పతనము ఆ బాధ్యత నుండి తొలగిపోకుండుటలో నున్నది. బూట్లు తప్పనిసరి యైనవి. వెనుకటి వరుసలో మూడవ రక్షకుని నిలిపిరి. ఆ కాలమున హంగరీ జట్టు నడుమ దూకువానిని వెనుకకు లాగి, రక్షకులకు దిక్కుతోచకుండ చేయుచు ప్రపంచమును గెలుచుచుండెను. ఆ యుక్తిని ఆయన శ్రద్ధగా గమనించి తనవారికి నేర్పిరి. నలువదేండ్లు దాటిన వయస్సున, పది గోలుల ఓటమి పిదప, తిరిగి విద్యార్థి యగుట యెంత కష్టమో!

నాలుగేండ్లకు ఫలము దక్కినది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌నకు పోయిన జట్టున హైదరాబాదువారు పలువురుండిరి. ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2 గోలులతో ఓడించిరి. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా అందు మూడు గోలులు కొట్టెను. ఒలింపిక్స్‌లో ఒకే ఆటలో మూడు గోలులు కొట్టిన తొలి ఆసియావాసి అతడే. సెమీఫైనలులో మరల యుగోస్లావియాయే ఎదురైనది. ఈసారి తొలి గోలు మనదే. తుదకు 4-1 గోలులతో ఓడిరి, కాని పదింటికి నాలుగునకు నడుమనున్న దూరము గమనింపదగినది. భారత జట్టు నాలుగవ స్థానమున నిలిచినది. అంతకు పూర్వము ఆసియా జట్టేదియు అచటి వరకు పోలేదు.

1960లో రోము నగరమున హంగరీ చేత 2-1 గోలులతో ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సరిసమానులై, పెరూ చేత 3-1గా ఓడి ఇంటిముఖము పట్టిరి. ఆ జట్టున రహీం గారి కుమారుడు ఎస్. ఎస్. హకీం కూడ కలడు. మూడు ఆటలలో ఒక్కదానను అతనికి చోటు దొరకలేదు. కొడుకునకు పీట వేయుటకై కురుసభ నంతయు బలియిచ్చిన ధృతరాష్ట్రుని కథ వినిన మనకు ఈ తండ్రి నడవడి వేరుగ చెప్పనక్కరలేదు.

1962 నాటికి ఆయన దేహమున క్యాన్సరు వ్యాధి ప్రవేశించి యుండెను. ఆ బాధతోనే జకార్తా ఆసియా క్రీడలకు జట్టును నడిపిరి. తొలి ఆటలోనే దక్షిణ కొరియా 2-0 గోలులతో మనలను ఓడించినది. పిదప థాయిలాండును 4-1, జపానును 2-0 గోలులతో గెలిచిరి. థాయిలాండుతో ఆడునపుడు వెనుకటి వరుసకు స్తంభము వంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. బంతిని తలతో ఎదుర్కొని త్రోసివేయుటయే ఆ స్థానమున నిలుచువాని ప్రధాన కర్తవ్యము. అతనిని ఏమి చేయవలెను? రహీం గారు అతనిని ఇంటికి పంపలేదు, వెనుక నిలుపలేదు. ముందు వరుసకు తెచ్చి గోలులు కొట్టువానిగా నిలిపిరి. చూచినవారికిది పిచ్చిపనిగా తోచియుండును. సెమీఫైనలులో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచినపుడు అందొక గోలు జర్నైల్ సింగుదే.

ఇంతలో మరియొక చిక్కు. ఇండొనీషియా ప్రభుత్వము ఇజ్రాయెల్, తైవాన్ దేశములవారిని ఆ క్రీడలకు రానీయలేదు. అట్లయిన వీనిని ఆసియా క్రీడలని పిలువరాదని భారతీయుడైన జి. డి. సోంధీ గారు వాదించిరి. ఆసియా క్రీడలకు అంకురార్పణ చేసిన పెద్ద ఆయనయే. మాట న్యాయమైనదే, కాని దాని పర్యవసానము ఆటగాండ్ర మీద పడినది. జనులు భారత రాయబార కార్యాలయము మీదికి దండెత్తిరి. మనవారు బస్సులో పోవునపుడు తలపాగలు చూచి గుర్తుపట్టుదురని సిక్కు ఆటగాండ్రను క్రింద కూర్చుండబెట్టిరని చెప్పుదురు.

ఫైనలు 1962 సెప్టెంబరు 4వ తేదీన. ప్రత్యర్థి మరల దక్షిణ కొరియాయే. ముందటి రాత్రి రహీం గారు తనవారిని కూర్చుండబెట్టి, తనకు ఒక్క కానుక కావలెనని, అది రేపటి బంగారు పతకమని అడిగిరట. ఆయన రోగము సంగతి వారికి పూర్తిగా తెలియదు. మరునాడు సుమారు లక్షమంది ప్రేక్షకులు. భారతదేశపు పేరు విన్నంతనే ఈలలు, కేకలు. ఆ జనసముద్రమున మనవారికి జయమని అరచినది, అపుడే హాకీలో మనలను ఓడించిన పాకిస్తాను ఆటగాండ్రు మాత్రమేనని చెప్పుకొందురు. 17వ నిమిషమున పి. కె. బెనర్జీ, 20వ నిమిషమున తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్ చెరియొక గోలు కొట్టిరి. ఆట ముగియబోవు వేళ కొరియా ఒక గోలు తిరిగి సాధించినది. ఆ చివరి క్షణములు గురువునకు ఎట్లు గడచెనో ఎవరెరుగుదురు! 2-1 గోలులతో బంగారు పతకము భారతదేశమునకు దక్కినది. జట్టు నాయకుడు చునీ గోస్వామి.

ఇంటికి వచ్చిన కొన్ని నెలలకే రహీం గారు మంచము పట్టిరి. 1963 జూన్ 11వ తేదీన హైదరాబాదులో కన్నుమూసిరి. వయస్సు 53 సంవత్సరములు. కానుక చేతికి వచ్చి తొమ్మిది నెలలు మాత్రమే గడచినది.

ఆయన పిదప ఆంధ్రప్రదేశ్ జట్టు 1965లో సంతోష్ ట్రోఫీ గెలిచినది. హైదరాబాదు జట్టు ఆయన కాలముననే 1956, 1957లలో వరుసగా దానిని గెలిచియుండెను. క్రమముగ కలకత్తా సంఘములు మంచి జీతములు చూపి మన ఆటగాండ్రను ఆకర్షించినవి. ఇచట విద్య చెప్పువారు తగ్గిరి. పోలీసు జట్టు క్షీణించినది. భారతజట్టు 1960 తరువాత ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ ఆడలేదు. ఆసియా క్రీడలలో మరల పతకము వచ్చినది 1970లో, బ్యాంకాక్ నగరమున, అదియును కంచు పతకము. నాటి నాయకుడు హైదరాబాదువాడగు సయ్యద్ నయీముద్దీన్. శిక్షకులలో ఒకరు జకార్తాలో తొలి గోలు కొట్టిన పి. కె. బెనర్జీ.

నయీముద్దీన్ 1990లో ద్రోణాచార్య పురస్కారము నందుకొనెను. రహీం గారికి అట్టిదేదియు రాలేదు. ఆ పురస్కారము పుట్టుటకు 22 ఏండ్లు ముందుగనే ఆయన వెళ్ళిపోయిరి. 2024లో ఆయన జీవితము ఆధారముగ హిందీలో ఒక చలనచిత్రము వచ్చినది. దినమునకొక రూపాయి పుచ్చుకొని సైకిలు మీద వచ్చిన బలరాం దానిని చూడలేదు. అతడు అంతకు ముందటి యేడు, 2023 ఫిబ్రవరిలో, కలకత్తాలో మరణించెను.